మూట బరువు ఎవరి మూపున?

భారతీయ తత్త్వచింతనలో యాత్రకూ త్యాగానికీ ఉన్న సంబంధం చాలా పాతది. ఇల్లు విడిచి నడిచేవాడు ఎంత మోయవచ్చు, ఏది వదిలెయ్యాలి, దారిలో ఆకలివేస్తే ఎవరి నిప్పు మీద ఎవరు వండాలి అన్న ప్రశ్నలను ధర్మశాస్త్రాలూ, బౌద్ధుల వినయపిటకమూ, జైనుల ఆచారగ్రంథాలూ చిల్లర ఏర్పాట్లుగా తీసిపారెయ్యకుండా, ధర్మాధర్మ విచారంలో భాగంగానే చేర్చుకున్నాయి. ఈనాడు ఎనిమిది పది మంది కలిసి హిమాలయాల్లో అయిదారు రోజుల నడకకు బయలుదేరేటప్పుడు ఏ స్టవ్వు పట్టుకెళ్లాలి, ఏ తిండి కట్టుకోవాలి అని తర్జనభర్జన పడడం పైకి సామాన్ల జాబితాకు సంబంధించిన మాటలా కనిపించినా, దాని లోపల ఉన్నది ఆ పాత ప్రశ్నే. తేలికగా నడవడం మంచిదని అందరూ ఒప్పుకుంటారు; అయితే తన వీపు మీది నుంచి దించిన బరువు నిజంగా లేకుండా పోయిందా, లేక మరొక మనిషి వీపు మీదికో, ఒక మూగజీవి నడుము మీదికో, ఒక చెట్టు మొదట్లోకో మారిందా అన్నది తేల్చుకోకుండా, ఆ తేలికదనానికి అపరిగ్రహమని పేరు పెట్టుకోవడం న్యాయం కాదు.

అపరిగ్రహం అంటే అవసరానికి మించి వస్తువులను స్వీకరించకపోవడం. పతంజలి యోగసూత్రాల్లో ఇది అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం అనే నాలుగింటి తరువాత అయిదవ యమంగా, అంటే సాధకుడు తోటివారి పట్ల తన నడవడికకు తానే విధించుకునే కట్టుబాటుగా వస్తుంది. ఆ సూత్రాలకు భాష్యం రాసిన వ్యాసుడు వస్తువులను ఎందుకు స్వీకరించకూడదో చెబుతూ అయిదు దోషాలను లెక్కపెట్టాడు: సంపాదించడంలో శ్రమ ఉంది, కాపాడుకోవడంలో ఆందోళన ఉంది, నశించినప్పుడు దుఃఖం ఉంది, దగ్గర పెట్టుకున్నకొద్దీ మమకారం పెరుగుతుంది, అన్నింటికీ చివర హింస ఉంది. జైన దార్శనికుడు ఉమాస్వాతి తన తత్త్వార్థసూత్రంలో ఇంకొక అడుగు ముందుకువేసి, పరిగ్రహం వస్తువులో లేదనీ వస్తువు మీది మోహంలోనే ఉందనీ నిర్వచించాడు. ఈ రెండింటినీ కలిపి చూస్తే, వంద గ్రాములు కూడా తూగని టైటానియం స్టవ్వును చూసుకుని మురిసిపోయే నడకరి పరిగ్రహంలోనే ఉన్నట్టు, తోటివారి ఆకలి కోసం కిలోన్నర బరువున్న ప్రెషర్ కుక్కరును మోసేవాడు దాని నుంచి తప్పించుకున్నట్టు తేలుతుంది. భాష్యకారుడు చెప్పిన అయిదు దోషాల్లో మొదటి నాలుగూ వస్తువు ఉన్నవాడికే తగులుతాయి కాబట్టి వాటిని అతడు సులభంగానే గుర్తిస్తాడు. అయిదవదైన హింస మాత్రం ఇతరులకు తగులుతుంది. తేలిక నడక గురించి ఉత్సాహంగా సాగే చర్చల్లో తరచుగా మరుగున పడేది ఆ అయిదవ దోషమే.

బృందంగా నడిచేవారి తిండి సమస్య మహాభారతంలోని అరణ్యపర్వమంతా పరచుకుని ఉంది. జూదంలో సర్వమూ పోగొట్టుకుని అడవికి బయలుదేరిన ధర్మరాజు వెంట బ్రాహ్మణులు పెద్ద సంఖ్యలో నడిచిరాగా, వారికి అన్నం పెట్టలేనన్న బెంగ అతణ్ని రాజ్యం పోయిన దుఃఖం కన్నా ఎక్కువగా కుంగదీస్తుంది. పురోహితుడు ధౌమ్యుడి సలహా మీద అతడు సూర్యుణ్ని ఆరాధించి అక్షయపాత్రను పొందుతాడు. ఆ పాత్రకు ఒక నియమం ఉంది: ద్రౌపది భోజనం చేసేంతవరకే అది వంటకాలను ఇస్తుంది, ఆమె తిన్నాక ఆనాటికి ఇక ఇవ్వదు. అందువల్ల అందరికీ వడ్డించి, భర్తలు తిన్న తరువాత, చిట్టచివర ఆమె తినేది. ఎంతమందికైనా సరిపోయే ఆ పాత్రకు కూడా హద్దుగా నిలిచింది వంటామె ఆకలి అన్నది గమనించవలసిన విషయం. వ్యాసుడి కథనం ఆ హద్దును దాచిపెట్టలేదు. పదిమంది సుఖంగా తిన్నారంటే వారి వెనుక ఆఖరున తినే ఒక మనిషి ఉన్నట్టేనని అది చెప్పకనే చెబుతుంది.

అదే పర్వంలో తీర్థయాత్రా ఘట్టం ఈ చర్చకు మరింత దగ్గరగా వస్తుంది. అర్జునుడు దివ్యాస్త్రాల కోసం వెళ్లి ఇంద్రలోకంలో ఉన్న కాలంలో, లోమశ మహర్షి వచ్చి మిగిలిన పాండవులను తీర్థయాత్రకు పిలుస్తూ, పరివారాన్ని తగ్గించుకుని తేలికగా బయలుదేరమనీ, తేలికగా ఉన్నవాడే కోరినచోటికి నడవగలడనీ ధర్మరాజుకు సలహా ఇస్తాడు. ధర్మరాజు ఆ మాట విని ఆకలిదప్పులకూ, చలికీ, మార్గాయాసానికీ ఓర్చుకోలేనివారినీ, తీపి వంటకాలకూ రకరకాల పాకాలకూ అలవాటుపడి వంటవాళ్ల మీద ఆధారపడి బతికేవారినీ వెనక్కి మళ్లిపొమ్మంటాడు. ఇంతవరకే చదివి ఆపేస్తే ఇది బలహీనులను వదిలించుకోవడంలా కనిపిస్తుంది. కానీ అతడు అక్కడితో ఆగలేదు: వెనక్కి వెళ్లేవారికి ధృతరాష్ట్రుడు తగిన భృతి ఇస్తాడనీ, ఒకవేళ ఇవ్వకపోతే పాంచాల రాజు ద్రుపదుడు ఇస్తాడనీ ఏర్పాటు చెప్పి మరీ పంపాడు. తన మీదినుంచి దించిన ప్రతి బరువుకూ మరొక ఆధారం చూపించిన తరువాతనే అతడు తేలికపడ్డాడు. లోమశుడి సలహాను ధర్మం చేసినది ఆ ఏర్పాటే.

గంధమాదన పర్వతం ఎక్కే ముందు పాండవులు ఇంకొకసారి బరువు తగ్గించుకుంటారు. ఇంద్రసేనుడు మొదలైన సేవకులనూ, వంటవాళ్లనూ, ద్రౌపది పరిచారకులనూ కులిందుల రాజైన సుబాహుడి దగ్గర వదిలి, కాలినడకన పైకి సాగుతారు. కొండ మీద పెనుగాలి, వాన వారిని చుట్టుముడతాయి. అలసిన ద్రౌపది తూలి పడిపోతుంది, నకులుడు పరుగున వెళ్లి పట్టుకుంటాడు. అప్పుడు భీముడు తలచుకోగా ఘటోత్కచుడు వచ్చి ద్రౌపదిని ఎత్తుకుంటాడు, అతడి వెంట వచ్చిన రాక్షసులు తక్కినవారిని మోస్తారు. ఆ కాలపు మహావీరులు కూడా హిమాలయంలో ఒకచోట మరొకరి భుజం మీద సాగవలసి వచ్చిందని ఇతిహాసం నిస్సంకోచంగా చెప్పింది, మోసినవాడి పేరునూ చెప్పింది. ఈనాటి యాత్రాకథనాల్లో శిఖరం ఎత్తు మీటర్లలో నమోదవుతుంది, బూట్ల రకం నమోదవుతుంది, గుడారాన్నీ వంటగిన్నెలనూ మోసినవాడి పేరు మాత్రం చాలా అరుదుగా నమోదవుతుంది. ఆ విషయంలో పాత కథనమే న్యాయంగా ఉంది.

ఘటోత్కచుడు భీముడి కొడుకు, అతడు మోసింది తల్లివంటి ద్రౌపదిని. ఇష్టంతో ఎత్తుకున్న బరువుకూ, పొట్టకూటికోసం ఎత్తుకోక తప్పని బరువుకూ ఉన్న తేడాను ఇక్కడ మరచిపోకూడదు. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి శ్రీశైలానికి నల్లమల అడవిమీదుగా నడిచే వేలాది భక్తులు దాదాపు వంటసామాను లేకుండానే నడవగలగడానికి కారణం, దారి పొడవునా అన్నదానం చేసే ఊళ్లవారూ భక్తసమాజాలూ ఆ వంటను తమ పుణ్యకార్యంగా నెత్తికెత్తుకోవడమే. అది కోరి మోసిన బరువు. శబరిమలకు వెళ్లేవారి ఇరుముడిలో ముందు ముడి స్వామికి అర్పించే నేతి కొబ్బరికాయ మొదలైనవాటికీ, వెనుక ముడి యాత్రికుడి సొంత తిండిసామానుకూ కేటాయించబడి, రెండూ అతడి నెత్తిమీదే ఉంటాయి. అది ఎవరికీ అప్పగించని బరువు. కూలికి మోసే మనిషి విషయం ఈ రెండింటికీ చెందదు కనుక దాన్ని వేరుగా విచారించవలసి ఉంది. దానికన్నా ముందు నిప్పు సంగతి చూడాలి, ఎందుకంటే వంటకోసం చేసే హింసలో మనిషికన్నా ముందు దెబ్బతినేది అడవి.

మనుస్మృతి మూడవ అధ్యాయం గృహస్థుడి ఇంట్లో పంచసూనలు ఉన్నాయంటుంది. సూన అంటే ప్రాణివధ జరిగే చోటు. పొయ్యి, తిరగలి, చీపురు, రోలూ రోకలీ, నీళ్లకుండ అనే ఆ అయిదింటిని వాడకుండా ఇల్లు నడవదు, వాడినప్పుడల్లా కంటికి కనిపించని ప్రాణులు చస్తూనే ఉంటాయి. ఆ దోషం పోవడానికి వేదాధ్యయనం, పితృతర్పణం, హోమం, భూతబలి, అతిథిపూజ అనే పంచమహాయజ్ఞాలను విధించారు. భూతబలి అంటే వండిన అన్నంలో కొంత పశుపక్ష్యాదులకు తీసిపెట్టడం. పొయ్యి వెలిగించడం తప్పించుకోలేని పనే అయినా దానికి బాధ్యత వహించక తప్పదన్న గంభీరమైన ఆలోచన దీని వెనుక ఉంది. అయితే కొండల మీద ఈ భావాన్ని నిలబెట్టుకోవాలంటే ఆచారాన్ని తిరగవెయ్యవలసి వస్తుంది: అక్కడ మిగిలిన అన్నాన్ని రాళ్లమీద వదిలితే అడవి జంతువులు మనుషుల తిండికి అలవాటుపడి విడిదుల చుట్టూ తిరగడం మొదలుపెడతాయి, కాబట్టి ఒక్క మెతుకు కూడా వదలకుండా తిరిగి మోసుకుపోవడమే అక్కడ వాటికి చేయగల మేలు.

కట్టెల పొయ్యి మీద వండుకునే బృందం మూటలో ఇంధనం బరువు సున్నా. ఆ సున్నా ఎంత బరువైనదో గంగోత్రి నుంచి గోముఖానికి పోయే దారిలోని భోజ్‌బాసా చూపిస్తుంది. దాదాపు 3,800 మీటర్ల ఎత్తున ఉన్న ఆ విడిది పేరు భోజ వృక్షాల నుంచి, అంటే భూర్జవృక్షాల నుంచి వచ్చింది. పలుచని పొరలుగా ఊడివచ్చే ఆ చెట్టు బెరడే భూర్జపత్రం. కాశ్మీరంలోనూ హిమాలయ ప్రాంతాల్లోనూ శతాబ్దాలపాటు సంస్కృత గ్రంథాలు దానిమీదే రాయబడి నిలిచాయి. వృక్షరేఖ దగ్గర, అంటే ఇక ఆపైన చెట్లు మొలవని ఎత్తున, చలిలో చాలా నెమ్మదిగా పెరిగే ఆ చెట్లు యాత్రికుల టీ కోసమూ, చలిమంటల కోసమూ, దారి పక్క దుకాణాల పొయ్యిల కోసమూ నరికివేతకు గురై అక్కడ తరిగిపోయాయి. శాస్త్రాన్ని మోసిన బెరడును శాస్త్రం నమ్మే యాత్రికులే కాల్చుకున్నారన్నది బాధతో చెప్పుకోవలసిన నిజం. పర్వతారోహకురాలు హర్షవంతీ బిష్ట్ అక్కడ భూర్జ మొక్కలను మళ్లీ నాటి పెంచే పనిని ఏళ్ల తరబడి చేశారు. గోముఖం దారికి రోజుకు 150 మందినే అనుమతించే నియమం 2008 నుంచి అమలులో ఉంది.

ఎండి రాలిన కట్టెనే ఏరుకుంటే తప్పేమిటన్న ప్రశ్నకు వినయపిటకంలోని ఒక సంఘటన సమాధానంగా పనికివస్తుంది. చలికాలంలో కొందరు భిక్షువులు తొర్ర ఉన్న పెద్ద దుంగకు నిప్పుపెట్టి చలి కాచుకుంటుండగా, లోపలి నల్లత్రాచు వేడికి తాళలేక బయటికి వచ్చి వారిమీదికి దూకింది. ఆ తరువాత, జబ్బుపడ్డవారు తప్ప మిగిలినవారు చలి కాచుకోవడం కోసం మంట వెయ్యరాదన్న నియమం ఏర్పడింది. చచ్చిన దుంగ ఎవరికీ అక్కర్లేని వస్తువు కాదనీ, అది మరొక ప్రాణికి ఇల్లనీ ఆ నియమం వెనుక ఉన్న ఘటన చెబుతోంది. చెట్లు పలుచగా ఉండే ఎత్తుల్లో రాలిన కట్టె మట్టికి తిరిగి చేరవలసిన సారం కూడా. కాబట్టి నదీలోయల్లోని ఊళ్లలో, ఊరివారు తమ అవసరానికి తామే చూసుకునే అడవిలో సంగతి ఎలా ఉన్నా, వృక్షరేఖకు దగ్గరగా నడిచే బృందానికి కట్టెల పొయ్యి ధర్మసమ్మతం కాదనే చెప్పాలి.

అప్పుడు ఇంధనాన్ని మోసుకుపోక తప్పదు. స్వీడన్‌లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ 1892లో రూపొందించిన ప్రైమస్ స్టవ్వు, గాలి ఒత్తిడితో కిరసనాయిలును ఆవిరి చేసి మసిలేని మంటగా మార్చి, ధ్రువయాత్రికులకూ ఆ తరువాత హిమాలయారోహకులకూ అడవి మీద ఆధారపడని వంటను అందించింది. తెలుగు ఇళ్లలో ఒక తరం పాటు భగభగమని మోగిన పంపు స్టవ్వు ఆ వంశానికి చెందినదే. కిరసనాయిలుకు చలి అడ్డుకాదు, పాత సీసాలోనే మళ్లీ పోసుకోవచ్చు, ఖాళీ డబ్బా మిగలదు. అయితే స్టవ్వు బరువు, వెలిగించడానికి నేర్పు కావాలి, ఒలికితే తిండి మొత్తం వాసన పడుతుంది. స్పిరిట్ పొయ్యి చాలా తేలికే గానీ, అదే బరువున్న గ్యాసు ఇచ్చే వేడిలో సగానికి కాస్త పైగా, అంటే సుమారు అరవై శాతం మాత్రమే ఇస్తుంది కనుక ఒంటరి నడకకు తప్ప గుంపు వంటకు చాలదు.

ఇక చిన్న గ్యాసు డబ్బాల మీద బిగించే స్టవ్వులు. ఇంట్లో వాడే 14.2 కిలోల గ్యాసు బండకు ఖాళీ ఉక్కే 15 కిలోలు దాటుతుండగా, 230 గ్రాముల గ్యాసు పట్టే నడక డబ్బా ఖాళీగా 150 గ్రాములే తూగుతుంది. అందులోని వాయువు ఏదో చూసుకోవడం ముఖ్యం: బ్యూటేను సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ఐసోబ్యూటేను మైనస్ 12 డిగ్రీల వరకు, ప్రొపేను మైనస్ 42 డిగ్రీల వరకు ఆవిరవుతాయి. లోపలి ద్రవం ఆవిరయ్యేకొద్దీ తన వేడిని తానే కోల్పోవడం వల్ల, తెల్లవారుజామున మండుతున్న స్టవ్వు కింద డబ్బా గోడలమీద ద్రవం ఉన్న మట్టం దాకా నూగులాంటి తెల్లని మంచు పేరుకుంటుంది, మంట నీలం రంగు చెడకుండానే కుంగిపోతూ వస్తుంది. చవకని కేవలం బ్యూటేను డబ్బాలు కొన్న బృందం ఆ ఉదయం వేడినీళ్లు లేకుండా బయలుదేరవలసి వస్తుంది.

ఎనిమిది మంది, అయిదు రోజులు అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. పది డిగ్రీల సెలయేటి నీటిని భోజ్‌బాసా ఎత్తులో మరిగించాలంటే, అక్కడ నీరు 87 డిగ్రీలకే మరుగుతుంది కనుక, ఒక లీటరుకు 77 కిలోకేలరీల వేడి కావాలి. మంటలో సగం గాలిపాలవుతుందని లెక్కించినా 14 గ్రాముల గ్యాసు సరిపోతుంది. తలకు రోజుకు లీటరున్నర చొప్పున పన్నెండు లీటర్లకు సుమారు 170 గ్రాములు, అయిదు రోజులకు 850 గ్రాములు, అంటే నాలుగు డబ్బాలు. గాలివానకు జాగ్రత్తగా అయిదవది. సెలయేరు లేక మంచు కరిగించుకోవలసి వస్తే మాత్రం ఖర్చు రెట్టింపు దాటుతుంది, ఎందుకంటే కిలో మంచును కేవలం నీరు చెయ్యడానికి పట్టే వేడి, లీటరు నీటిని 80 డిగ్రీలు పెంచే వేడితో సమానం. గిన్నె మీద మూత పెట్టడం, గాలికి అడ్డు చూసుకోవడం ఈ లెక్కలో పిసినారితనం కాదు, అదనంగా మోయవలసిన డబ్బాను తప్పించే పని. అడ్డు పెట్టేటప్పుడు డబ్బాను పూర్తిగా మూసివేస్తే అది వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. మూసిన గుడారంలో ఏ స్టవ్వు వెలిగించినా వాసనలేని కార్బన్ మోనాక్సైడు ప్రాణం తీస్తుంది.

గ్యాసు డబ్బాలను రైల్లోనూ విమానంలోనూ తీసుకెళ్లడం నిషేధం కనుక హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వెళ్లే బృందం వాటిని కొండ కింది పట్టణంలోనే కొనుక్కోవాలి. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న ఒక యాత్రికుల పెట్టెలో దొంగతనంగా తెచ్చుకున్న గ్యాసు బండ వల్ల మంటలు లేచి తొమ్మిది మంది మరణించారు. పుణ్యయాత్రలో టీ కాచుకోవాలన్న చిన్న కోరిక తోటివారి ప్రాణాలమీదికి వచ్చిన ఆ ఘటన, యాత్రలో పొయ్యి ఎప్పుడూ ఒక్కరి సొంత వ్యవహారం కాదని చాటుతుంది.

తిండి ఎంపికలో పాత గ్రంథాలు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉన్నాయి. భగవద్గీత పదిహేడవ అధ్యాయం నిలవ ఉండి రసం పోయిన, వాసన వచ్చిన ఆహారాన్ని తామసమని పక్కనపెట్టింది. ఆ మాట పట్టుకుని యాత్రకు ముందే వండి ఎండబెట్టిన తిండి పనికిరాదనేవారు ఉన్నారు. అయితే మనుస్మృతి అయిదవ అధ్యాయం నెయ్యి లేదా నూనె కలిసినవీ, యవలు, గోధుమలతో చేసినవీ నిలవైనా తినవచ్చునని మినహాయింపు ఇచ్చింది. భిక్షువులు ఆహారాన్ని మరునాటికి దాచుకోరాదని కఠినంగా చెప్పిన వినయపిటకమే, అస్వస్థులకు నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లపు పాకం అనే అయిదింటిని ఏడు రోజులవరకు ఉంచుకోవడానికి అనుమతించింది. తక్కువ బరువులో ఎక్కువ బలమిచ్చి, చెడిపోకుండా వారం రోజులు నిలిచే పదార్థాలేవో ఆ నియమకర్తలకు స్పష్టంగా తెలుసు. గ్రాము కొవ్వు 9 కిలోకేలరీలు, గ్రాము పిండిపదార్థం 4 కిలోకేలరీలు ఇస్తాయన్న నేటి లెక్కకు ఆ పట్టిక చక్కగా సరిపోతుంది.

ఎత్తుమీద ఇంధనాన్ని తినేసేది పప్పు. 87 డిగ్రీల దగ్గర కందిపప్పు గంటసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది, నీళ్లు పచ్చబడి పైన నురగ కడుతుంది, గరిటెతో తీసి వేళ్లమధ్య నలిపితే పై పొర మెత్తగా జారిపోయి నడుమ ఇంకా పలుకు తగులుతుంది. శనగలు, రాజ్మా అయితే చెప్పనక్కర్లేదు. ప్రెషర్ కుక్కరు లోపలి ఒత్తిడిని పెంచి అదే ఎత్తులో వేడిని 110 డిగ్రీలు దాటిస్తుంది కనుక, పది మందికి పైబడిన బృందంలో కుక్కరు బరువు ఆదా అయిన గ్యాసుతో తీరిపోతుంది; నలుగురైదుగురికి మాత్రం పెసరపప్పు, ఎర్ర మసూరుపప్పు చాలు, కుక్కరు అక్కర్లేదు. వడ్లను నానబెట్టి, వేయించి దంచిన రూపమే అయిన అటుకులు వేడినీళ్లతోనే మెత్తబడతాయి. వేయించిన గోధుమరవ్వ, పేలాలపిండి, వేయించిన వేరుశనగపప్పు, నువ్వుల ఉండలు, బెల్లం, ఖర్జూరం, నెయ్యి, కారప్పొడి, చింతపండు గుజ్జు ఎండబెట్టిన పొడి ఉంటే తెలుగు నాలుక అలవాటు తప్పకుండానే మనిషికి రోజుకు 700 గ్రాముల లోపు 3,000 కిలోకేలరీలు సమకూరుతాయి. దుకాణాల్లో దొరికే వండిన కూరల పొట్లాల్లో బరువులో ఎక్కువ భాగం నీరే. కొండ మీద సెలయేరు పారుతుండగా కింది నుంచి నీరు మోసుకుపోవడంలో అర్థం లేదు.

ఎత్తుకు పోయినకొద్దీ ఆకలి మందగిస్తుందన్నది అందరి అనుభవంలోనూ ఉన్న విషయం కనుక, బలమైన తిండి ఎంచినంతమాత్రాన చాలదు, తినబుద్ధి అయ్యే తిండి కావాలి. గీత సాత్త్వికాహార లక్షణాల్లో రసం, జిడ్డు, నిలకడతో పాటు మనసుకు ఇంపుగా ఉండడాన్ని కూడా చేర్చింది. బరువు తగ్గించాలనే పట్టుదలతో నాయకుడు రుచిలేని పిండిని అందరికీ ఒకే కొలతగా పంచితే, మూడవ రోజు బలహీనుడు తినడం మానేస్తాడు, నాలుగవ రోజు అతడి సంచిని మరొకరు మోస్తారు. ఊరగాయ సీసా మోసుకురావడం బలహీనతగా ఎంచే నాయకుడికన్నా, బృందంలో ఎవరికి ఏది సయిస్తుందో ముందే అడిగి తెలుసుకున్న నాయకుడు ధర్మరాజుకు దగ్గరివాడు.

చివరిగా కూలికి మోసేవారి సంగతి. ఎనిమిది మందికి అయిదు రోజుల తిండి 28 కిలోలు. తలకు మూడున్నర కిలోలు. అంత మాత్రం తామే మోయగల బృందం పోర్టర్లనో కంచరగాడిదలనో పెట్టుకుని, బరువు తమ వీపున లేదు కనుక సామాను రెట్టింపు చెయ్యడం లోకంలో జరుగుతున్నదే. కొండ ఊళ్లకు ఆ కూలి జీవనాధారం కాబట్టి మోతగాళ్లను పెట్టుకోవడమే తప్పనడం సరికాదు. వారి బరువుకు హద్దు ఉండాలి: పెరూలో ‘ఇంకా ట్రెయిల్’ అనే నడకదారి మీద మోసేవారికి 2001లో వచ్చిన చట్టం 20 కిలోల హద్దు పెట్టింది. హద్దుతో పాటు వారి తిండీ బృందం లెక్కలోనే ఉండాలి. చాలా బృందాల జాబితాలో మోతగాడి భోజనం ఉండదు. అతడు తన తిండి తాను చూసుకుంటాడని వదిలేస్తారు, అతడేమో తన గిన్నె తాను మోసుకుంటూ విడిదికి చేరాక కట్టెలు ఏరుకుని విడిగా మంట వేసుకుంటాడు. బృందం గ్యాసుతో వండుకుని అడవిని కాపాడానని అనుకుంటుండగా, కాలిన కట్టె మాత్రం ఆ బృందం ఖాతాలోదే. తెలుగునాట ఎన్నో వైదిక కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం ఈ విషయంలో తేల్చి చెప్పింది: గృహస్థుడు అవసరమైతే తన తిండినీ, భార్యాబిడ్డల తిండినీ తగ్గించవచ్చు గానీ, తన పని చేసే సేవకుడి తిండిని తగ్గించకూడదు. అక్షయపాత్ర కథలో ఆఖరున తిన్న మనిషి ఇంటి ఇల్లాలు. ధర్మసూత్రం దృష్టిలో ఆ ఆఖరి స్థానం యజమానిది, కూలివాడిది కానే కాదు.

కాబట్టి ఈ వేసవిలో కొండదారి పట్టబోయే బృందనాయకులు సామాను జాబితా రాసేటప్పుడు, మొదటి వరుసలో మోతగాళ్ల పేర్లూ, వారి రోజువారీ తిండీ, రాత్రి వారు కప్పుకునేదీ రాయాలి. ఇంధనం లెక్కను వారిని కూడా కలుపుకుని వెయ్యాలి. ఖాళీ డబ్బాలను తిరిగి కిందికి తెచ్చే బాధ్యత ఎవరిదో పేరుపెట్టి నిర్ణయించాలి. ఏ కంపెనీ స్టవ్వు ఎన్ని గ్రాములు తేలిక అన్న చర్చను ఆ తరువాతే మొదలుపెట్టాలి.